దక్షిణదేశపు తెలుగు నివాసములలో బాలికావిద్య

మధుర, కోయంబత్తూరు మండలములలో తెలుగు కుటుంబములు స్థిరపడి నాలుగైదు శతాబ్దములు గడచినవి. విజయనగర ప్రభువుల ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధుర పాలనమును చేపట్టి, దేశమును డెబ్బదిరెండు పాళెములుగా ఏర్పరచిన కాలమునుండి తెలుగువారు దండులతోను, ఎద్దుబండ్లతోను, మగ్గములతోను దక్షిణమునకు సాగుచు వచ్చిరి. నల్లరేగడి దొరకిన చోట కమ్మవారును రెడ్లును సేద్యమునకు దిగిరి. బలిజలు వర్తకమునందును కొలువులందును కుదురుకొనిరి. దేవాంగులు, పద్మశాలీలు నేతపనిని సాగించిరి. తెలుగు మాటలాడు అరుంధతీయులు తోలుపనితో వ్యవసాయమునకు ఊతమైరి. ఉత్తరపు సరిహద్దు తాలూకాలను, చెన్నపట్టణమును కలుపుకొని, 2011 జనాభా లెక్కలలో తమిళనాడున తెలుగును మాతృభాషగా చెప్పినవారు 42,34,302 మంది. అనగా నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ.

ఇన్ని తరములు ఈ భాషను కాపాడినదెవరు? నాయకరాజుల ఆస్థానములు 1736తో అంతరించెను. పాళెగాండ్ర కొలువులు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో అణగిపోయెను. కచేరీ భాష ఇంగ్లీషు, అంగడి భాష తమిళము. తెలుగు నిలిచినది వంటయింటిలో, పురిటింటిలో, పెండ్లిపందిరి క్రింద. అనగా స్త్రీల నోట. ఆ భాషను నాలుకపై నిలిపిన స్త్రీలకే దాని అక్షరములు దక్కలేదు. దక్షిణాంధ్రుల చరిత్రను వ్రాసినవారు పాళెగాండ్ర వంశావళులకు, దేవాలయ శాసనములకు ఇచ్చిన స్థానమును ఈ విషయమునకు ఈయలేదు.

వలసను గూర్చి ఈ కుటుంబములలో చెప్పుకొను కథలు పెక్కు. వానిలో మిక్కిలి ప్రచారమున నున్నది ఒక ఆడపిల్ల కథయే. ఒకానొక ప్రభువు తమ యింటి కన్యను కోరగా, మానరక్షణకై బంధువర్గమంతయు రాత్రికి రాత్రి ఊరు విడిచినదనియు, ఏటియొడ్డున దైవసహాయము లభించినదనియు పెద్దలు చెప్పుదురు. మధురకు దక్షిణమున కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్ అను గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ ఈ కథనే తన 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలకు మూలముగా గైకొనెను. ఆయన యింటి భాష తెలుగు. కీర్తి వచ్చినది తమిళ రచయితగా. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. కథ సత్యమా, కల్పనయా యను చర్చ అటుండనిండు. ఒక సంఘము తన పుట్టుకనే ఆడపిల్లతో ముడివేసికొనినది. అయితే ఆ కథలో పిల్ల దాచవలసిన వస్తువు, కాపాడవలసిన పరువు. ఈ తలంపే తరువాతి శతాబ్దములలో ఆమెను బడి గడపకు దూరముగా నిలిపినది.

రాజాస్థానములందలి స్త్రీల స్థితి వేరు. మధురను 1689 నుండి 1706 వరకు మనుమని పక్షమున రాణి మంగమ్మ పాలించెను. భర్త చొక్కనాథ నాయకుడు మరణించిన పిదప సహగమనము చేయక, తరువాత కొడుకును గూడ పోగొట్టుకొని, చంటిబిడ్డడైన మనుమని ముందుంచుకొని పదునేడేండ్లు రాజ్యభారము వహించిన వితంతువు ఆమె. ఆమె వేయించిన బాటలు, కట్టించిన సత్రములు, నాటించిన చెట్లు నేటికిని జనుల నోట నానుచున్నవి. మధురలో ఆమె పేరి సత్రము రైల్వేస్టేషను చెంతనే యున్నది. ఆమె తముక్కము మేడలో 1959 నుండి గాంధీ స్మారక ప్రదర్శనశాల వెలసినది. పొరుగున తంజావూరిలో రఘునాథ, విజయరాఘవ నాయకుల కాలమున రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ కావ్యకర్తలుగా మన్ననలందిరి. మరాఠా ప్రభువైన ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని 'రాధికాసాంత్వనము' రచించెను.

ఈ పేర్లను చెప్పుకొని గర్వించుట సభలలో పరిపాటి. గర్వించుట తప్పు కాదు. కాని ఈ కవయిత్రులలో పెక్కుమంది ఆస్థానమునకో, నృత్యగీతవృత్తికో చెందినవారు. గృహిణికి ఆ విద్య సంక్రమింపలేదు. సంక్రమింపకపోగా, ఆడుదానికి అక్షరము వచ్చుట అనునదే ఆ వృత్తికి గుర్తుగా ఎంచబడెను. ఒకనాటి ఘనతయే తరువాతి కాలమున అడ్డంకి యైనది.

ఇందుకు లెక్కలు గలవు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానియందలి పాఠశాలల వివరములు పంపవలసినదిగా కలెక్టరులను ఆజ్ఞాపించెను. 1826 నాటికి అందిన లెక్కలను బట్టి రాజధాని మొత్తమున పాఠశాలలు 12,498, విద్యార్థులు 1,88,650 మంది. వారిలో బాలురు 1,84,110. బాలికలు 4,540 మాత్రమే. అనగా నలుబదిమంది బాలురకు ఒక బాలిక. ఆ కొద్దిమంది బాలికలలోను, మలబారు మహమ్మదీయ కుటుంబముల వారిని మినహాయించినచో, దేవాలయ నాట్యవృత్తి కుటుంబముల వారే విశేషముగా నుండిరి. ఆంగ్లేయులు రాకపూర్వము మన గ్రామములలో బళ్ళు లేవనువారికి ఈ పట్టిక సమాధానము చెప్పును. ఆ బళ్ళు అందరివియు అనువారికిని అదే పట్టిక సమాధానము చెప్పును.

ఆడపిల్లను బడికి పంపకుండుటకు పరువు ఒక్కటే కారణము కాదు. నేతయింట మగ్గముపై కూర్చుండువాడు పురుషుడైనను, ఆసు పోయుట, కండెలు చుట్టుట, గంజి పెట్టుట స్త్రీలకును పిల్లలకును విధియైన పనులు. ఎనిమిదేండ్ల పిల్ల కండెలు చుట్టనిచో మగ్గము ఆగును. కోయంబత్తూరు రేగళ్ళలో ప్రత్తి పగిలిన దినములలో ఏరుటకు వంగు నడుములు స్త్రీలవియే. ఇంట చంటిబిడ్డను చూచునది అక్క. ఈ పనికి కూలి లేదు కావున దాని విలువను ఎవరును లెక్కగట్టలేదు. బడికి పంపిననాడు మాత్రము నష్టము కంటికి కనబడును.

మేనరికము మరియొక కారణము. పరదేశమున స్వభాషవారు కొద్దిమందియే యగుటచే మేనమామకో, మేనబావకో పిల్లనిచ్చుట ఈ నివాసములలో బలముగా వేళ్ళూనినది. దీనివలన భాషకు మేలే జరిగినది. అత్తవారింటి మాట పుట్టినింటి మాటయే. కోడలు కొత్త నుడి నేర్వనక్కర లేదు, పిల్లలకు ఇద్దరు అమ్మమ్మలును తెలుగే చెప్పుదురు. కాని వరుడు పుట్టుకతోనే నిర్ణయమైన పిల్లకు చదువెందుకను ప్రశ్నకు గృహమున ఎవరును బదులు చెప్పలేకపోయిరి.

గోదావరీతీరమున ఇట్టి ప్రశ్నలకు బదులు చెప్పినవాడు కందుకూరి వీరేశలింగము. ఆయన 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించెను. 1883లో స్త్రీలకొరకు 'సతీహితబోధిని' పత్రికను వెలువరించెను. కొలది కాలమునకే భండారు అచ్చమాంబ 'అబలాసచ్చరిత్ర రత్నమాల' రచించి స్త్రీలు విద్యకు తగరను వాదమును చరిత్రతో ఖండించెను. ఈ గాలి దక్షిణపు తెలుగు నివాసములకు సోకలేదు. పత్రిక చదువుటకు లిపి తెలియవలెను గదా! ఇక్కడ లిపి తెలిసిన పురుషులే అరుదైపోవుచుండిరి. వారు తెలుగు పాటలను, పెండ్లి వరుసలను తమిళాక్షరములలో వ్రాసికొనుటకు అలవాటుపడిరి. తమిళమున క, గ లకు ఒకే అక్షరము. ప, బ లకును అంతే. 'బడి' అను మాటను ఆ లిపిలో వ్రాసిన 'పడి' యగును. తమిళమున 'పడి' యనగా 'చదువు' మని ఆజ్ఞ. భాషలు రెండును కలిసి బాలికకు చెప్పిన హితవు ఇది. విన్నవారు మాత్రము చిరకాలము లేరైరి.

బాల్యవివాహ నిరోధమునకై 1929లో శారదా చట్టము వచ్చి, 1930 ఏప్రిల్ నుండి అమలైనది. కన్యకు కనిష్ఠవయస్సు పదునాలుగేండ్లు. ఆ దినములలోనే ఉప్పుసత్యాగ్రహమున పాల్గొని శిక్షపడిన ఒక యువతి మధుర జైలునకు వచ్చెను. ఆమె దుర్గాబాయి. 1909లో రాజమహేంద్రవరమున జన్మించి, ఎనిమిదవ యేటనే వివాహితయై, పెరిగి బుద్ధియెరిగిన పిదప ఆ బంధమును వలదనుకొని విడివడినది. చిన్నతనముననే కాకినాడలో స్త్రీలకు హిందీ నేర్పు పాఠశాల నడపినది. మధురలో ఆమెకు విధింపబడినది ఏకాంతవాసము. నాయకరాజుల తెలుగు ఏలిన నగరమున, తెలుగు మాటలాడు వేలాది స్త్రీలు గోడకావల నుండగా, ఆమె ఒంటరిగా ఒక సంవత్సరము గడపెను. ఆరోగ్యము చెడినది. విడుదలయైన తరువాత ఆమె తిరిగి వేదికలెక్కలేదు, చదువునకు కూర్చుండెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను, ఆంధ్ర విశ్వవిద్యాలయపు బి.ఏ., మద్రాసున న్యాయశాస్త్రము వరుసగా ముగించెను. దేశోద్యమమున అంత పేరొందినవారు పెద్దపిల్లలవలె పరీక్షలకు కూర్చుండుట సామాన్యము కాదు.

ఆమె పరీక్షకు చదువుకొనుచు తనవలె బాల్యమున చదువు తప్పిన స్త్రీలను చేరదీసి చదివించిన పని మద్రాసున ఆంధ్రమహిళాసభగా పెరిగెను. వయస్సు మీరిన స్త్రీలకు ఏండ్ల పాఠములను కొద్దికాలమున బోధించు పద్ధతి అక్కడ రూపొందినది. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి దానినే దేశమంతట వ్యాపింపజేసెను. 1958లో భారత ప్రభుత్వము స్త్రీవిద్యపై నియమించిన జాతీయ సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలు. 1951 జనాభా లెక్కలలో భారతదేశమున అక్షరాస్యలైన స్త్రీలు నూటికి తొమ్మండుగురైనను లేరు. సంఘము 1959లో సమర్పించిన నివేదికలో స్త్రీవిద్యను కొంతకాలమువరకైనను ప్రత్యేక సమస్యగా ఎంచి ప్రత్యేక ధనము, ప్రత్యేక యంత్రాంగము కల్పింపవలెనని కోరినది. సామాన్యవిద్య పెరిగినచో స్త్రీవిద్య దానంతటదే పెరుగునను భ్రమను ఆ నివేదిక తొలగించినది.

కోయంబత్తూరు కథ మరొక దారిన నడచినది. 1932లో పైకారా జలవిద్యుత్తు రాగానే నూలుమిల్లులు పుట్టగొడుగులవలె లేచెను. ప్రత్తి పండించిన తెలుగు రైతు కుటుంబములు ప్రత్తివర్తకమునుండి మిల్లులకు ఎదిగినవి. పీళమేడు గ్రామమున పి.యస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలువురు ఆస్తిని ఐదు భాగములుగా పంచి, ఐదవ భాగమును ధర్మమునకు కేటాయించిన వృత్తాంతము ఆ మండలమున పసిపిల్లలకును తెలియును. 1926లో ఏర్పడిన ఆ ధర్మసంస్థ పాఠశాలలను, కళాశాలలను నెలకొల్పినది. ఆ వంశమువారైన జి.ఆర్. గోవిందరాజులు, చంద్రకాంతి దంపతులు 1963లో పీళమేడున కృష్ణమ్మాళ్ మహిళా కళాశాలను ప్రారంభించిరి. మధురలో అమెరికా దేశపు మిషనరీ కేటీ విల్కాక్స్ 1948లోనే లేడీ డోక్ కళాశాలను స్థాపించియుండెను. ఒక్క తరములో నాయనమ్మకు వ్రేలిముద్ర, మనుమరాలికి పట్టభద్రత యను స్థితి సంపన్న కుటుంబములలో ఏర్పడినది. చరిత్రలో ఇంత వేగముగా జరిగిన మార్పు మరొకటి ఈ నివాసములలో లేదు.

కాని విద్యుత్తు అందరికి ఒకే వెలుతురు నీయలేదు. పూర్వము కోయంబత్తూరు బావులనుండి ఎద్దులు లాగు తోలు బొక్కెనలతో నీరు తోడెడివారు. ఆ బొక్కెనలను కుట్టి బాగుచేయువారు అరుంధతీయులు. విద్యుత్పంపులు వచ్చుటతో ఆ పని సన్నగిల్లినది. పెక్కు కుటుంబములు పట్టణముల పారిశుద్ధ్యపు పనులలో చేరవలసివచ్చెను. వారును తెలుగువారే, వారి తల్లులును అదే జోలపాటల భాషవారే. తెలుగు సంఘముల ఆహ్వానపత్రికలు వారి వాడలకు ఎంత తరచుగా పోయినవో ఆయా సంఘములు ఆలోచించుకొనవలసియున్నది. 2009లో తమిళనాడు ప్రభుత్వము అరుంధతీయులకు షెడ్యూల్డు కులముల వాటాలోనే నూటికి మూడు స్థానములను ప్రత్యేకించినది. 2024లో సుప్రీంకోర్టు ఇట్టి విభజన చెల్లునని తీర్పు చెప్పినది. ఆ వాడలనుండి వైద్య, ఇంజనీరింగు కళాశాలలకు బాలికలు పోవుటకు ఈ చట్టము ద్వారము తెరచినది.

మిల్లుల విషయమున మరొక మాట దాచరానిది. గడచిన శతాబ్ది చివరినుండి కోయంబత్తూరు, తిరుప్పూరు, దిండిగల్లు ప్రాంతములలో 'సుమంగళి' అను పేరి ఒడంబడిక వ్యాపించినది. పదునైదు, పదునారేండ్ల పేదపిల్ల బడి మాని మూడు సంవత్సరములు మిల్లుయొక్క వసతిగృహముననే యుండి పనిచేయవలెను. దినకూలి స్వల్పము. గడువు నిండిన పిదప కొంత సొమ్ము ఒక్కమొత్తముగా ముట్టును, ఆ సొమ్ము పెండ్లికి. నడుమ జబ్బుచేసి వెళ్ళిపోయిన పిల్లకు ఆ మొత్తము దక్కనిచో అడుగు దిక్కు లేదు. మధుర చుట్టుపట్ల మెట్టగ్రామములనుండియు ఇట్లు పోయిన బాలికలు కలరు. నూలు అమ్మిన లాభముతో బాలికల కళాశాలలు వెలసిన మండలములోనే, నూలు వడకుటకై బాలికలు బడి వదలిరి. ఈ రెండును ఒకే చరిత్రలోని పుటలు. ఒకదానిని చదివి రెండవదానిని త్రిప్పివేయుట న్యాయము కాదు.

వరకట్నమే ఇక్కడ అసలు శత్రువు. దానిని గ్రహించిన ప్రభుత్వములు విచిత్రమైన ఉపాయములు పన్నినవి. తమిళనాడున 1989లో మూవలూరు రామామృతం అమ్మయార్ పేర వివాహ సహాయ పథకము ఏర్పడెను. దేవదాసీ ఆచారముపై పోరాడిన స్త్రీ ఆమె. ఎనిమిదవ తరగతి చదివిన పేదపిల్లకు పెండ్లినాడు ఐదువేల రూపాయలు ఇచ్చుట అందలి నియమము. పెండ్లికి సొమ్ము కావలెనన్న బడికి పంపుడని ప్రభుత్వము తండ్రితో బేరమాడెనన్నమాట. ఆ 1989లోనే తమిళనాడు చట్టము కుమార్తెకు పిత్రార్జితమున కుమారునితో సమానభాగము నిచ్చెను. ఆంధ్రప్రదేశ్ అంతకు మూడేండ్ల ముందే ఆ పని చేసియుండెను. బంగ్లాదేశ్ 1994లో గ్రామీణ బాలికల ఉన్నత పాఠశాలా విద్యకు దేశవ్యాప్తముగా వేతనములు ప్రారంభించి, హాజరు, మార్కులు, అవివాహితగా నుండుట అను మూడు నియమములు పెట్టినది. ఇక్కడ చదివినచో పెండ్లికి సొమ్ము, అక్కడ పెండ్లి ఆపినచో చదువుకు సొమ్ము. రెండవదే మెరుగని చెప్పక తప్పదు. తమిళనాడును 2022లో ఆ దారికే వచ్చినది. పెండ్లి సహాయమును 'పుదుమై పెణ్' పథకముగా మార్చి, ప్రభుత్వ పాఠశాలలలో చదివి పైచదువులకు పోవు బాలికకు నెలకు వేయి రూపాయలు ఆమె బ్యాంకు ఖాతాలోనే వేయుచున్నారు. 2011 నాటికే ఈ రాష్ట్రమున స్త్రీల అక్షరాస్యత నూటికి డెబ్బదిమూడు దాటినది.

ఇంతకును ఈ బాలిక ఏ భాషలో చదివినది? ఆమె చదివినది తమిళమో, ఇంగ్లీషో. దీనిని చూచి పెద్దలు కొందరు ఆడపిల్లల చదువువలననే ఇంట తెలుగు పోయినదని వాపోవుదురు. చదివినపిల్ల మేనరికము కాదనును, పరభాషవానిని పెండ్లాడును, బిడ్డలతో ఇంగ్లీషు మాటలాడును అని వారి అభియోగము. జరిగినది కొంత నిజమే. కాని కచేరీ ఉద్యోగమునకై మగపిల్లలు తెలుగులిపిని వదలి నూరేండ్లు దాటినది. ఆనాడు ఎవరును కన్నీరు పెట్టలేదు, జీతము తెచ్చెనని సంతోషించిరి. భాషాభారమును చదువురాని స్త్రీల నెత్తిన పెట్టి, వారు చదువుకొనిననాడు భారము దించిరని నిందించుట ఏమి ధర్మము? తెలుగు నిలుచుటకై ఒక పిల్లయైనను అక్షరము లేక యుండవలెనన్నచో, ఆ తెలుగు ఎవరి మేలుకు?

తల్లికి లిపి వచ్చిన యింట మాత్రము స్థితి భిన్నముగా నున్నది. తండ్రికి తెలుగు చదువ వచ్చినచో అది ఆయనతో కచేరీకి పోవును. తల్లికి వచ్చినచో బిడ్డ పలకమీదికి వచ్చును. అందుచేతనే భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలలో తెలుగు పాఠమును బాలికలకు నేర్పుట ఉత్సవమునకు పద్యము చదివించుటకన్న ఎక్కువ పని. బిడ్డలకు ప్రాథమిక దశయందు మాతృభాషలో బోధన జరుగుటకు రాష్ట్రములు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-అ అధికరణము చెప్పుచున్నది. 2006 నాటి తమిళనాడు తమిళాభ్యసన చట్టము ప్రతి బడిలోను తమిళమును మొదటి తరగతినుండి క్రమముగా నిర్బంధము చేసినది. నివసించు దేశపు భాషను నేర్చుట అవసరమే, దానిని కాదనువారు లేరు. పదవ తరగతి పరీక్షలో తెలుగునకు మిగిలిన స్థానమెంత యనునదే అల్పసంఖ్యాకులు న్యాయస్థానములలో అడుగుచు వచ్చిన ప్రశ్న.

2024లో 'పుదుమై పెణ్' పథకమును ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలల బాలికలకును విస్తరించుచున్నట్లు ప్రకటించిరి. ఆ ప్రకటనలోని మాటలు 'తమిళ మాధ్యమమున చదివిన బాలికలు' అని. సహాయము పొందు పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివిన బాలిక పేరు ఆ వాక్యములో లేదు. కోయంబత్తూరు, మధురల తెలుగు సంఘములు కలిసి ప్రభుత్వమునకు సమర్పింపదగిన విన్నపములలో ఇది మొదటిది. దానికి కావలసినది ఒక్క మాట మార్పు.